గుర్రం కొంటా అంటున్న తమ్ములకు: ఏడేండ్ల లెక్క ఇది



మార్గశిరం దగ్గర పడ్డదంటే నాకు ఫోన్లు మొదలైతయి. "అన్నా, మాలెగావ్ జాతరకు పోతున్నం, ఒక గుర్రం తెద్దామనుకుంటున్న, ఎంతల వస్తది?" అని. నాందేడ్ జిల్లా మాలెగావ్‌ల జరిగే ఖండోబా జాతర మన ముథోల్, భైంసా దిక్కోళ్లకు కొత్త కాదు. పశువుల కోసం మా తాతలు కూడా అక్కడికే పోయేటోళ్లు. ఇప్పుడు మా ఊరి నుంచి ఎడ్ల కోసం పోయేటోళ్లు తగ్గిండ్రు, గుర్రాలు చూసొద్దామని పోయే పిల్లగాండ్లు పెరిగిండ్రు. ఒక్కొక్కరికి ఫోన్ల అర్ధగంట చెప్పాలంటే అయితలేదు. అందుకే అంతా ఒక్కసారి రాసి పెడుతున్న. పొడుగున్నది, ఓపిక చేసుకోండి. చదివినంక కొనాల్నా వద్దా అన్నది మీ ఇష్టం.

ముందుగాల్నే ఒక మాట. "ఎంతల వస్తది" అన్నది ఈ యవ్వారంల అన్నిటికన్న చిన్న ప్రశ్న. ట్రాక్టర్ కొంటే కిస్తీలు ఐదారేండ్లల్ల తెగుతయి. గుర్రం కిస్తీ తెగదు. అది పైసల రూపంల కన్న ఎక్కువగ మీ పొద్దుల రూపంల కట్టాలె. ఆ సంగతి చెప్పేటందుకే ఇదంతా.

నాకు ఐదెకరాలు. మూడెకరాలు రేగడి, వానాధారం మీద పత్తి, సోయా. బోరు కింద రెండెకరాలల్ల పసుపు, మక్క. 2018 డిసెంబర్ల ఆ జాతరల్నే ఒక ఆడగుర్రాన్ని తెచ్చిన. 58 వేలు పెట్టిన. ముదురు ఎరుపు రంగు, నుదుటి మీద తెల్ల మచ్చ. అచ్చం మార్వాడీ కాదు, నాటు రక్తం కలిసింది. అప్పుడు దానికి పండ్లు అన్నీ మారి నిండుగ అయినయి, అంటే ఐదేండ్లు అన్నట్టు. నుదుటి మచ్చను చూసి మా బిడ్డ 'చుక్క' అని పేరు పెట్టింది. దాన్ని బండిల నుంచి దింపినప్పుడు మా బాపు ఒక్కటే మాట అన్నడు: "గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదురా." సామెత అందరికి తెలిసిందే. కానీ దాని బరువు ఎంతనో తెలిసేటందుకు నాకు ఒక ఎండకాలం, ఒక వానకాలం పట్టింది.

ఇప్పుడు ఖర్చు చూద్దాం. ఇది ఈ ఏడు నా చేతి లెక్క. మీ ఊర్ల ధరలు కొంచెం అటిటు ఉండొచ్చు.

దాణా: రోజుకు కిలో శెనగలు, కిలో బార్లీ. శెనగలు 65, బార్లీ 35, మొత్తం రోజుకు 100. ఏడాదికి 36,500. శెనగలు పిరం అయినప్పుడు ఉలువలు ఉడకబెట్టి పెడత. దాణా ఎక్కువ పెడితే గుర్రం బలుస్తదని అనుకోకండి. ఎక్కువైతే కడుపునొప్పి వస్తది, గిట్టల లోపట వాపు వచ్చి నడవలేకపోతది.

మేత: రోజుకు ఏడు కిలోల ఎండు మేత. జొన్న సొప్ప, ఎండు గడ్డి. ఏడాదికి రెండున్నర టన్నులు. కిలోకు 6 రూపాయల చొప్పున 15,300 అయితది. "అన్నా, సొప్ప మన చేన్లదే కదా" అంటరు. మన చేన్లదైనా అమ్ముకుంటే పైసలు వచ్చేదే. అందుకే లెక్కల రాయాలె. పచ్చిమేతకు బోరు కాడ మూడు గుంటలల్ల లూసర్న్ వేసిన. ఆ జాగల పసుపు తగ్గింది. దాని లెక్క ఇందుల వేయలే.

గిట్టలు: గుర్రం గిట్ట మన గోరు లెక్క పెరుగుతనే ఉంటది. ఆరేడు వారాలకు ఒకసారి చెక్కి, నాడాలు కొట్టించాలె. ఏడాదికి ఎనిమిది సార్లు, సారికి 700, మొత్తం 5,600. నాడాలు కొట్టే మనిషి మా దగ్గర లేడు. నాందేడ్ దిక్కు నుంచి వస్తడు. నాలుగైదు ఊర్లల్ల గుర్రాలున్నోళ్లం కలిసి ఒకే రోజు పిలిపించుకుంటం.

మందులు: నట్టల మందు, ధనుర్వాతం టీకా, పండ్లు రాపించుడు, డాక్టర్ ఖర్చు కలిపి 6,000. ఉప్పు గడ్డ, మినరల్ మిక్చర్, తాళ్లు, బ్రష్, జీను రిపేరు కలిపి ఇంకో 5,000.

మొత్తం 68,400. నెలకు 5,700. పెద్ద జబ్బు ఏదీ రాని ఏడాది లెక్క ఇది. ఏడేండ్లల్ల కొన్న ధర కలుపుకొని నాలుగు లక్షలు దాటింది. అంటే కొన్న 58 వేలకు ఏడింతలు.

ఇప్పుడు అసలు లెక్క. పొద్దుగాల గంట, మాపటికి గంట. లద్దె ఎత్తాలె, నీళ్లు పెట్టాలె, మాలీసు చేయాలె, గిట్టల సందుల ఇరుక్కున్న మట్టి తీయాలె, కొంచెం తిప్పాలె. రోజుకు రెండు గంటలు. ఏడాదికి 730 గంటలు. ఎనిమిది గంటల కూలి లెక్కన చూస్తే 91 రోజులు. మూడు నెలల కూలి అన్నట్టు. దీనికి పండుగ లేదు, పెండ్లి లేదు, జరమొచ్చిన రోజు లేదు. ఈ ఏడేండ్లల్ల నేను, మా ఇంటామె ఇద్దరం ఒకే రాత్రి ఊరు దాటి పోలేదు. మా బావమరిది పెండ్లికి కూడా ఆమె ముందు పోయింది, నేను ముహూర్తానికి పోయి భోజనం చేసి మాపటికి తిరిగొచ్చిన. గుర్రం గురించి అడిగేటోళ్లు ధర అడుగుతరు గాని ఇది అడగరు.

ఇంకొకటి. గుర్రం ఎద్దు లెక్క కాదు. మనం పశువుల నడుమ పెరిగినోళ్లం కాబట్టి అన్నీ తెలుసనుకుంటం. ఎద్దు గబగబ మేసి తర్వాత తీరుబడిగ నెమరేస్తది. గుర్రానికి నెమరు లేదు. దాని పొట్ట చిన్నది. రోజంతా కొంచెం కొంచెం తింటనే ఉండాలె. పొద్దున ఇంత, మాపటికి ఇంత ఒక్కసారి పడేసి పోతే కుదరది. పైగా గుర్రం వాంతి చేసుకోలేదు. లోపటికి పోయింది పోయినట్టే. అందుకే బర్రె తిని హరాయించుకునేది గుర్రం ప్రాణం తీస్తది.

బూజు పట్టిన మక్కలు పొరపాటున కూడా పెట్టకండి. ఆ బూజు విషం గుర్రం మెదడును పట్టుకుంటది. కోళ్ల దాణా, కొన్ని రకాల పశువుల దాణాల మోనెన్సిన్ అనే మందు కలుపుతరు. పశువులకు పర్వాలేదు, గుర్రం గుండెను ఆపుతది. తవుడు అగ్గువకు దొరుకుతదని రోజూ అదే పెడితే భాస్వరం ఎక్కువై ఎముకల సున్నం తగ్గిపోతది, మొఖం ఎముక ఉబ్బుతది. పచ్చజొన్న మేపినా మూత్రం, నడుము దెబ్బతినే ప్రమాదం ఉన్నది. దాణా మార్చాలంటే ఒక్కరోజుల మార్చొద్దు. పాతదాంట్ల కొత్తది కలుపుకుంట వారం పది రోజులు తీసుకోవాలె. నీళ్లు రోజుకు 25 నుంచి 40 లీటర్లు తాగుతది. ఎండకాలం ఇంకా ఎక్కువే. తొట్టిల నాచు పడితే తాగదు, తాగకపోతే కడుపు బిగుస్తది.

కడుపునొప్పి అంటే ఏందో 2021 మే నెలల చూసినం. మాపటికి దాణా ముట్టలే. ముందటి కాలుతోని నేలను గీరుతున్నది. మాటిమాటికి మెడ తిప్పి తన డొక్కల దిక్కు చూసుకుంటున్నది. పండుకుంటది, పొర్లుతది, లేస్తది. మధ్యాహ్నం నుంచి లద్దె వేయలేదు. బాగున్న గుర్రం రోజుకు ఎనిమిది పది సార్లు లద్దె వేస్తది. దవుడ కింద నాడి పట్టి చూస్తే నిమిషానికి 60 దాటింది. బాగున్నప్పుడు 30, 40 మధ్యల ఉంటది. ఫోన్ల మీద ఫోన్లు చేసినం. ఒక డాక్టర్ సార్ బండి మీద వచ్చేసరికి రాత్రి రెండు దాటింది. అప్పటిదాక నేను, మా ఇంటామె పాలుకు పాలు మార్చుకుంట దొడ్లె మెల్లగ నడిపించినం. సారు ముక్కుల నుంచి పొట్టలకు పైపు వేసి పారాఫిన్ నూనె పోసిండు, నొప్పి తగ్గే సూది ఇచ్చిండు. "తెల్లారేసరికి లద్దె వేస్తే మీది, లేకపోతే దేవునిది" అన్నడు. ఐదున్నరకు లద్దె వేసింది. లద్దె చూసి మనిషి కండ్లల్ల నీళ్లు వస్తయని ఎవరన్న చెప్తే అంతకుముందు నేను నవ్వేటోన్ని.

ఆ రాత్రి ఖర్చు 4,200. అది పెద్దది కాదు. పెద్దది ఏందంటే, గుర్రాలు తెలిసిన డాక్టర్ దగ్గర్ల దొరుకుడు కష్టమైంది. దానికి కారణం ఉన్నది. 2012 పశుగణనల దేశం మొత్తం మీద గుర్రాలు, పొట్టి గుర్రాలు కలిపి 6 లక్షల 25 వేలు ఉండె. 2019ల 3 లక్షల 40 వేలకు పడిపోయినయి. ఏడేండ్లల్ల దగ్గరదగ్గర సగం పోయినయన్నట్టు. గుర్రాలు తగ్గితే నాడాలు కొట్టేటోళ్లు తగ్గుతరు, వాటి రోగాలు చూసిన డాక్టర్లు తగ్గుతరు. అందుకే గుర్రం కొనకముందే మీకు 30 కిలోమీటర్ల లోపల గుర్రానికి పైపు వేసే డాక్టర్ ఉన్నడా, నాడాలు కొట్టే మనిషి వస్తడా, ఈ రెండు కనుక్కోండి. లేకుంటే జాతరకు పోయి జిలేబీ తిని రండి, అంతే.

రాబడి సంగతి. "పెండ్లిల్లకు తిప్పితే గుర్రం తన ఖర్చు తనే వెళ్లదీసుకుంటది కదా" అని శానమంది అంటరు. నేను తిప్పి చూసిన. 2019 ఎండకాలం తొమ్మిది బారాత్‌లు, ఒక్కొక్కటి 3,000. 2020ల కరోనా లాక్‌డౌన్ పడ్డది, పెండ్లిల్లు బందైనయి. దాణా బంద్ కాలే. బాపు సామెత అర్థమైంది అప్పుడే. 2022ల మళ్ల ఆరు బారాత్‌లు, 3,500 లెక్కన. రెండు సీజన్లు కలిపి 48 వేలు. బండి కిరాయిలు 15 వేలు తీస్తే చేతికి వచ్చింది 33 వేలు.

ఆ ఆరో బారాత్‌ల డీజే ముందట ఎవరో పిల్లగాండ్లు లడీ పటాకులు దాని కాళ్ల దగ్గర వేసిండ్రు. చుక్క ముందరి కాళ్లు లేపింది. పెండ్లికొడుకును మా ఊరి పోరడు గుంజి పట్టుకున్నడు కాబట్టి దెబ్బ తగలలే. అది రెండు రోజులు చప్పుడైతే చాలు వణికింది. ఇంటికొచ్చినంక మా ఇంటామె, "ఆ మూడున్నర వేలు ఇగ మనకు వద్దు" అన్నది. అప్పటి నుంచి బారాత్‌లకు పంపుతలేం. పెండ్లిల్ల మీదనే బతికే గుర్రాలోళ్లు ఉన్నరు. వాళ్లను తప్పు పడతలేను. వాళ్లు చిన్నప్పటి నుంచి గుర్రాన్ని బ్యాండు చప్పుడుకు అలవాటు చేస్తరు. అదొక పూర్తి పని. వ్యవసాయం చేసుకుంట మధ్యల చేసే పని కాదు.

ఇంకో రాబడి పిల్ల. 2020 ఫిబ్రవరిల మగగుర్రం దగ్గరకు తీసుకపోయినం, 5,000 తీసుకున్నరు. పదకొండు నెలలు మోసి 2021 జనవరిల మగపిల్లను ఈనింది. పుట్టిన గంటల్నే నిలబడి పాలు తాగింది. మా బిడ్డకు ఆ పిల్లనే లోకం.

ఇగ 2022 జులై. కడెం ప్రాజెక్టుకు వచ్చిన వరద మీ అందరికి యాదుంటది. ఆ వారంల మా వాగు కూడా చేన్ల మీదికి వచ్చింది. మూడెకరాల పత్తి, సోయా కండ్ల ముందట పోయినయి. మళ్ల విత్తనం పెట్టినం, అదీ సరిగ్గ రాలే. ఎరువుల దుకాణంల బాకీ అట్లనే ఉన్నది. ఆ సెప్టెంబర్ల ఒక బేపారి వచ్చి చుక్కకు 90 వేలు ఇస్తా అన్నడు. బాకీ కూడా ఇంచుమించు అంతే ఉండె.

ఆ నెల రోజులు మా ఇంట్ల మాటలు తక్కువ నడిచినయి. అమ్మితే బాకీ ఒక్క దెబ్బకు తీరుతది, దాణా ఖర్చు తప్పుతది. లెక్క ప్రకారం అమ్ముడే కరెక్టు. కానీ ఆ రోజులల్ల నాకు పండుకుంటే నిద్ర లేదు, లేస్తే పని మీద మనసు లేదు. చేనుకు పోబుద్ది కాకపోయేది. ఎవరితోని మాట్లాడబుద్ది కాకపోయేది. పొద్దున ఐదు కొట్టంగ కొట్టంల నుంచి అది సకిలించేది. దానికి వరద తెల్వదు, బాకీ తెల్వదు. దాని గాడిల మేత అయిపోయింది, అంతే. నేను లేవాల్సిందే. లేచి లద్దె ఎత్తి, నీళ్లు పెట్టి, వీపు రుద్దేసరికి ఆరున్నర అయ్యేది. అప్పటికి తెల్లగ తెల్లారేది, కాళ్లల్ల కొంచెం బలం వచ్చేది. ఇగ లేచినం కదా అని చేను దిక్కు నడిచేటోన్ని. ఒక నెల అట్లనే గడిచింది.

చివరికి మా బాపే తెంపిండు. "తల్లిని ఉంచు, పిల్లను అమ్ము" అన్నడు. నవంబర్ల పిల్లను 45 వేలకు అమ్మినం. కొన్నది గుర్రాలు బాగ తెలిసిన రైతు, ముందు వాళ్ల కొట్టం చూసొచ్చినంకనే ఇచ్చినం. బాకీల సగం కట్టినం, మిగిలింది పసుపు మీద తీర్చినం. మా బిడ్డ అప్పుడు ఏడో తరగతి. పిల్లను బండి ఎక్కిచ్చేటప్పుడు బయటికి రాలే. పది రోజులు నాతోని సరిగ్గ మాట్లాడలే. చుక్క మూడు రోజులు దారి దిక్కు చూసి సకిలించింది. పిల్లను అమ్ముడు రాబడే, నేను కాదంటలేను. కానీ ఆ మూడు రోజులు కూడా ఖర్చు కిందనే రాసుకోవాలె.

ఇప్పుడు మొత్తం కలుపుదాం. బారాత్‌లు 33 వేలు. పిల్ల మీద 40 వేలు. ఎరువు ఏడాదికి రెండు ట్రాలీలు, ట్రాలీకి 3,000 లెక్కన ఏడేండ్లకు 42 వేలు. మొత్తం లక్షా 15 వేలు. ఖర్చు నాలుగు లక్షల పైన. పైసల్ల చూస్తే గుర్రం ఓడిపోయింది. ఇది రాబడి కోసం కొంటా అనేటోళ్లకు నా జవాబు.

మరి ఎందుకు ఉంచుకున్నవ్ అంటే చెప్త.

ఒకటి, రేగడి. వానకాలంల మా చేను దారిల బండి పోదు. చక్రానికి, మడ్‌గార్డుకు నడుమ మట్టి ఇరికి బండి నిలబడిపోతది. నడిచి పోతే చెప్పుకు రెండు కిలోల మట్టి. చుక్క మీద పోతే పావుగంటల చేన్ల ఉంట. జులై, ఆగస్టుల రోజుకు రెండుసార్లు చేను చూసొస్త. చూసే కన్ను రోజూ పడితే పురుగు ముందుగాల్నే దొరుకుతది, మందు ఒక పిచికారి తగ్గుతది. మీది నుంచి చూస్తే సాళ్లల్ల ఎక్కడ పందులు పడ్డయో, ఎక్కడ నీళ్లు నిలిచినయో కూడా కనబడుతది.

రెండు, లద్దె. రోజుకు 15 కిలోలకు తక్కువ వేయదు. పశువుల పెంట కన్న ఎక్కువ వేడి చేస్తది కాబట్టి పచ్చిది వేయొద్దు, కుప్పేసి తడుపుకుంట మంచిగ మాగనియ్యాలె. సరిగ్గ మాగకపోతే దాంట్ల గడ్డి గింజలు చేన్ల మొలుస్తయి. మాగిన ఎరువు పసుపుకు వేసిన సాళ్లు వేరుగ కనబడుతయి.

మూడు, మా బిడ్డ. ఇప్పుడు పదో తరగతి. మూడో తరగతిల ఉన్నప్పుడు దాని కడుపు కింద నుంచి దూరేది, ఇప్పుడు జీను తనే కడుతది, గిట్టలు తనే చూస్తది. నాలుగు క్వింటాళ్ల జీవాన్ని గట్టిగ అరవకుండ, కొట్టకుండ, ఒక తాడుతోని ఎట్ల నడిపించాల్నో ఆ పిల్లకు తెలుసు. గుర్రం ముందట కోపం పనిచేయదు. మన భయం, మన కోపం దానికి మనకన్న ముందు తెలుస్తయి. ఇంట్ల కూడా మా అందరి గొంతులు కొంచెం తగ్గినయి.

నాలుగు, ఆ పొద్దున ఐదు గంటలు. నేను పైన ఖర్చు కింద 730 గంటలు రాసిన. ఆ గంటలనే రాబడి కింద కూడా రాయాలె. పంట పోయిన ఏడు నన్ను లేపింది ఆ గంటలే. మన రైతులల్ల పంట పోయినప్పుడు మంచం దిగనోళ్లు ఎంతమంది ఉన్నరో మీకు తెలుసు, నాకు తెలుసు. అందరూ గుర్రం కొనాలని అంటలేను. బర్రె అయినా, కోళ్లయినా, మన కోసం ఎదురుచూసే జీవం ఒకటి ఉండాలె అంటున్న. నాకు అది చుక్క.

ఇంత చదివినంక కూడా కొంటా అనేటోళ్లకు నాలుగు మాటలు.

జాతరకు ఒక్కరోజు పోయి కొనకండి. పొద్దున ఒకసారి, మాపటికి ఒకసారి, తెల్లారి ఇంకోసారి అదే గుర్రాన్ని చూడండి. కొందరు మత్తు సూది ఇచ్చి నిమ్మళంగ కనబడేటట్టు చేస్తరు. మూడుసార్లు చూస్తే బయటపడుతది. ముందు అమ్మేటోన్నే ఎక్కి చూపించమనండి. గట్టి నేల మీద నడిపించి నాలుగు గిట్టల చప్పుడు ఒకే తీరు వస్తున్నదా వినండి. అది తినుడు, లద్దె వేసుడు చూసినంకనే ధర మాట్లాడండి.

పండ్లు చూడండి. ముందటి పాలపండ్లు నడుమవి రెండున్నర ఏండ్లకు, వాటి పక్కవి మూడున్నరకు, చివరివి నాలుగున్నరకు మారుతయి. ఐదేండ్లకు నోరు నిండుతది. రెండేండ్ల పిల్లను "ఎక్కొచ్చు" అని అమ్మితే తీసుకోకండి, దాని నడుము గట్టిపడలే. సుడుల గురించి ఎక్కువ భయపడకండి. దేవమణి సుడి ఉన్నదని ధర పెంచుతరు, ఇంకో సుడి మంచిది కాదని బేరం తగ్గిస్తరు. మీరు కాళ్లు, కండ్లు, శ్వాస చూడండి. సుడి నడవదు, కాళ్లు నడుస్తయి.

రక్తపరీక్ష చేయించండి. గ్లాండర్స్ అనే రోగం ఉన్నది, ముక్కుల చీము, పుండ్లు వస్తయి. అది మనుషులకు కూడా అంటుతది. గుర్రానికి వచ్చిందని తేలితే చికిత్స లేదు, సర్కారు నిబంధన ప్రకారం దాన్ని చంపి పూడ్చాల్సిందే. ఇంటికి తెచ్చినంక కొన్ని వారాలు వేరే గుర్రాలల్ల కలపకండి. ధనుర్వాతం టీకా తప్పకుండ వేయించండి. చిన్న మొల గుచ్చుకున్నా గుర్రానికి ధనుర్వాతం తొందరగ వస్తది. పశువైద్యం 1962 నంబర్ ఫోన్ల పెట్టుకోండి.

ఒంటరిగ ఉంచకండి. గుర్రం మందల బతికే జీవం. రెండో గుర్రం కొనే తాహతు మనకు ఉండదు, మేక అయినా బర్రె అయినా పక్కన కట్టేయండి. మా చుక్కకు మా నల్లబర్రె తోడు. బర్రెను మేతకు తోలుకపోతే ఇది గాడిల మూతి పెట్టదు.

చివరిది, అన్నిటికన్న పెద్దది. గుర్రం బాగ చూసుకుంటే 25 ఏండ్లు బతుకుతది. చుక్కకు ఇప్పుడు పన్నెండు. నాకు 46. అంటే నాకు 60 దగ్గర పడేదాక నేను పొద్దున ఐదింటికి లేస్తనే ఉండాలె. చివరి నాలుగైదేండ్లు అది నన్ను మోయలేదు, చేనుకు రాదు, ఊకెనే తింటది. అప్పుడు దాన్ని కొనేటోడు ఎవడూ మంచి పనికి కొనడు. ఆ ఏండ్లు కూడా నావే అని కొన్ననాడే అనుకోవాలె. అట్ల అనుకోలేనోళ్లు కొనకండి. అది తప్పేం కాదు. గుర్రం మీద ప్రేమ ఉన్నోళ్లందరి ఇంట్ల గుర్రం ఉండాలని లేదు.

ఒక పని చేయండి. కొనకముందు ఒక నెల రోజులు దగ్గర్ల ఎవరి కొట్టానికైనా పొద్దున ఐదింటికి పోయి లద్దె ఎత్తండి. ఎక్కుడు వద్దు, ఫోటోలు వద్దు, ఒట్టిగ పని చేయండి. నెల చివరికి ఇంకా పోబుద్ది అయితే అప్పుడు ఫోన్ చేయండి, జాతరకు నేనే వెంట వస్త. మా ఊరికి దగ్గరోళ్లయితే మా కొట్టానికే రండి. పార, గంప రెండూ ఉన్నయి.